ఆర్డ్‌వే ఊరి చివరి సభ్యురాలు

లొవీనా హాస్కిన్స్ పుట్టిన ఇంట్లో శాసనసభ సంగతులు వాన సంగతులంత మామూలుగా మాట్లాడుకునేవారు. తాత ఎజ్రా మూడుసార్లు సభకి వెళ్ళొచ్చాడు. తండ్రి ఆల్డెన్ ఎనిమిదిసార్లు వెళ్ళాడు. ఇద్దరూ కొండమీది తెల్లచర్చిలో పెద్దలుగా ఉన్నవాళ్ళే. ఆ చర్చిలో ముందు వరస బల్ల ఎవరిదో, సభలో ఆర్డ్‌వే ఊరి కుర్చీ ఎవరిదో ఊళ్ళో ఎవరూ అడిగేవారు కాదు. రెండూ హాస్కిన్స్ వాళ్ళవే.

ఆ రోజుల్లో వెర్మాంట్‌లో ఊరికొక సీటు. ఊరు పెద్దదా చిన్నదా అన్న పట్టింపు లేదు. ఎజ్రా నాటికి ఆర్డ్‌వేలో ఆరువందలమంది, వాళ్ళకి పదింతల గొర్రెలు, మూడు బడులు ఉండేవి. తర్వాత గొర్రెలు పోయాయి, వాటి వెనకే మనుషులూ పోయారు. కొందరు పడమటి మైదానాలకి, కొందరు మిల్లులున్న పట్నాలకి వెళ్ళిపోయారు. రాతిగోడల మధ్య పచ్చిక బయళ్ళుగా ఉన్న చోటల్లా మళ్ళీ అడవి లేచింది. పంతొమ్మిదివందల అరవైలో జనాభా లెక్కలవాడు వచ్చి రాసుకుపోయిన మనుషులు నలభై ఒక్కరు. అయినా సభలో సీటు అలాగే ఉంది.

ఎజ్రా మాటకారి. సారా మానాలని గంటన్నర మాట్లాడి సభలో ముసలివాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించాడని చెప్పుకునేవారు. ఆయన నేలమాళిగలో మాత్రం ఆరు పీపాల ఆపిల్ రసం ఉండేది. చలికాలం మధ్యకి వచ్చేసరికి ఆ రసం పులిసి నాలుకని కొరికేది. పాస్టరుగారు ఒకసారి మొహమాటపడుతూ అడిగితే, "అది ఆపిల్ రసమేనండీ. కాస్త ముసలిదయింది, మనలాగే" అన్నాడట.

కొడుకు ఆల్డెన్ దానికి పూర్తిగా వేరు. ఎనిమిది విడతల్లో సభలో లేచి మాట్లాడింది రెండేసార్లు. మొదటిసారి కిటికీ మూయమని, రెండోసారి దాన్ని మళ్ళీ తెరవమని. కానీ బిల్లు ప్రతి ఒక్కటీ అక్షరం విడవకుండా చదివేవాడు. యాభయ్యో ఏట కళ్ళకి పొర కమ్మాక ఆ చదివే పని లొవీనాకి వచ్చింది. తల్లి అప్పటికే పోయింది. లొవీనా రెండేళ్ళు దిగువ లోయలో బడిపంతులమ్మగా పనిచేసి, తండ్రికి చూపు ఆనడం లేదని ఉత్తరం రాగానే పెట్టె సర్దుకుని వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

రెండేళ్ళకోసారి సభ జరిగే నెలల్లో తండ్రీకూతుళ్ళు రాజధాని మాంట్‌పీలియర్‌లో, సభ్యులకి గదులిచ్చి భోజనం పెట్టే మిసెస్ ట్యూక్స్‌బరీ ఇంట్లో రెండు గదులు తీసుకునేవారు. సభ నుంచి తిరిగొచ్చాక ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు, ఆమె చదివేది. రోడ్ల బిల్లు, పాడి పశువుల బిల్లు, జైలు బిల్లు.

"సభలో ఆడవాళ్ళ సంఖ్య పెరుగుతోంది," అన్నాడు ఆయన ఒకరోజు చదువు మధ్యలో. "వింటూ కూర్చోడం తప్ప వాళ్ళకక్కడ పనేముంది?"

"మీరు చేసేదీ అదే కదా నాన్నా."

"చదువు, చదువు," అన్నాడు.

ఆల్డెన్ పోయింది యాభై ఒకటి నవంబర్లో. మరుసటేడు ఎన్నికలప్పుడు చీటీల మీద ఊరివాళ్ళు లొవీనా పేరు రాసి పెట్టెలో వేశారు. ఇరవయ్యారు ఓట్లలో ఇరవైరెండు. ఆ సంగతి ఆమెకి పొలం రాతిగోడ అవతల నుంచి చెప్పినవాడు ఆరిన్ పెక్. పక్క పొలం అతనిదే. ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద, భార్య పోయినవాడు, మాట పొదుపు మనిషి.

"నిన్ను గెలిపించాం. జనవరిలో వెళ్ళాలి."

"నన్నొక్క మాట అడగాలి కదా, ఆరిన్."

"అడిగితే వద్దనేదానివి."

అలా నలభై ఎనిమిదో ఏట లొవీనా తండ్రి కుర్చీలో కూర్చుంది.

ఊళ్ళో ఆమెకి ఇంకో పని కూడా ఉంది. టౌన్ క్లర్కు ఆమే. ఊరి దస్తావేజులన్నీ వంటింటి బీరువాలో ఉండేవి. పెళ్ళికైనా చావుకైనా కుక్క లైసెన్సుకైనా ఆ వంటింటికే రావాలి. కానీ వచ్చేవాళ్ళేరీ? పదకొండు గదుల ఇంట్లో చలికాలమంతా రెండు గదుల్లోనే బతికేది. మంచు కురిసిన వారాల్లో రోడ్డు మీద మంచు తోసే బండివాడు చెయ్యి ఊపితే, ఆ వారానికి మనిషి మొహం చూసినట్టు. సభ లేని ఏళ్ళలో భోజనం పొయ్యి పక్కనే నిలబడి ముగించేది. ఒక్కదానికి టేబుల్ మీద పళ్ళెం పెట్టుకోవడం ఆమెకి ఎందుకో సిగ్గుగా ఉండేది.

సభ ఉన్న ఏడు వేరు. జనవరి నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా మిసెస్ ట్యూక్స్‌బరీ భోజనాల టేబుల్ చుట్టూ పదకొండుమంది సభ్యులు. బంగాళాదుంపల గిన్నె చేతులు మారేది. ఎవరో ఆవు ఈనడం గురించి చెప్తుంటే ఎవరో అడ్డుపడి తమ ఆవు గురించి చెప్పేవారు. లొవీనా ఎక్కువ మాట్లాడేది కాదు. వింటూ తినేది, నెమ్మదిగా తినేది. ఆ టేబుల్ కోసమే తను రెండేళ్ళూ ఎదురుచూస్తానని ఎవరికీ చెప్పలేదు. ఊరివాళ్ళు ఆమెకి సభ మీద మోజు తాతగారి నుంచి వచ్చిందనుకునేవారు. అనుకోనిచ్చింది.

అర్మాన్ బెల్‌రోజ్ ఆ టేబుల్ దగ్గరికి యాభై తొమ్మిదిలో వచ్చాడు. బర్లింగ్టన్ నగరం సభ్యుడు. అక్కడ ముప్పై అయిదువేలమంది ఉంటారు. వాళ్ళందరికీ కలిపి సభలో ఉన్నది అతనొక్కడే. క్షవరం షాపు నడుపుతాడు. తాతలు కెనడా నుంచి మిల్లు పనికి వచ్చినవాళ్ళు. కేథలిక్కు, శుక్రవారం మాంసం ముట్టడు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా శుక్రవారం మధ్యాహ్నం ఆవు మాంసమే వండేవారు. మూడు శుక్రవారాలు బెల్‌రోజ్ ఏమీ అనకుండా ఉడికించిన దుంపలు మాత్రం తిన్నాడు. నాలుగో గురువారం లొవీనా వంటింట్లోకి వెళ్ళింది.

"రేపటికి ఉప్పుచేప దొరుకుతుందేమో చూడకూడదా?" అంది.

"మీకు చేపంటే పడదు కదా, మిస్ హాస్కిన్స్," అంది మిసెస్ ట్యూక్స్‌బరీ.

"నాకు పడదు. తినేవాళ్ళున్నారు."

మర్నాడు పాలగ్రేవీలో ఉప్పుచేప వచ్చింది. బెల్‌రోజ్ టేబులంతా చూసి, అది ఎవరి పనో కనిపెట్టి, ఆ రోజు నుంచి ఆమె పక్క కుర్చీలోనే కూర్చునేవాడు.

"ఒక్కటడుగుతాను. మీ ఊళ్ళో ఓట్లడగడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎవరూ అడగరు. అడిగితే వెయ్యరు."

"మా వీధిలో అడక్కపోతే వెయ్యరు. అడిగినా సగంమంది మర్చిపోతారు."

ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూడటం తనకదే మొదలని తర్వాత మిసెస్ ట్యూక్స్‌బరీ అంది.

అరవై అయిదులో ఆ పాత ఏర్పాటుకి గండం వచ్చింది. ఊరికొక సీటు ఇక చెల్లదని, మనుషుల సంఖ్యని బట్టి పంచుకోమని కోర్టు తీర్పు చెప్పింది. రెండువందల నలభై ఆరు సీట్లు నూటయాభై చెయ్యాలి. అది కూడా ఆ సభే, తనంతట తను చెయ్యాలి. ఆర్డ్‌వే లాంటి ఊళ్ళు పది పన్నెండు కలిస్తేగాని ఒక సభ్యుడు రాడు.

మార్చి మొదటి మంగళవారం ఊరి సమావేశానికి లొవీనా ఇంటికొచ్చింది. బురదలో బండి రెండుసార్లు దిగబడింది. పాత బడి గదిలో పొయ్యి చుట్టూ పందొమ్మిదిమంది కూర్చున్నారు. రోడ్డు పని, మంచు కంచెలు అయ్యాక ఆరిన్ పెక్ లేచాడు. అతను లేవడమే అరుదు.

"లొవీనా, ఆ సీట్ల బిల్లుకి ఎలా వేస్తావు?"

"ఇంకా తయారు కాలేదు. వచ్చాక చదువుతాను."

"చదవడానికేముంది? నీ కుర్చీ నువ్వే విరిచి పొయ్యిలో పెట్టాలట. అంతే కదా?"

"చదివి చెప్తాను, ఆరిన్."

వెనక నుంచి ఎవరో, "హాస్కిన్స్ వాళ్ళు కొంప ముంచరులే," అన్నారు. అందరూ కాఫీ దగ్గరికి లేచారు.

ఏప్రిల్లో ఒక శనివారం బెల్‌రోజ్ పిలిస్తే ఆమె బర్లింగ్టన్ వెళ్ళింది. నగరానికి అంతకుముందు కళ్ళద్దాల కోసం రెండుసార్లు వెళ్ళిందంతే. మూడంతస్తుల చెక్క ఇల్లు, బయట నుంచి మెట్లు, అంతస్తుకి రెండు కాపురాలు, వరండాల మధ్య బట్టల తాళ్ళు. బెల్‌రోజ్ భార్య సెసీల్ బఠాణీ సూపు, పంది కీమా నింపిన రొట్టె పెట్టింది. నవ్వినప్పుడల్లా కళ్ళనీళ్ళు తుడుచుకునే మనిషి.

తినడం మొదలుపెట్టేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడు. అర్మాన్ ఇంటికొచ్చాడని వీధికి తెలిసిపోయింది. ఒక ముసలామె తన మనవడిని పిచ్చాసుపత్రి నుంచి ఎప్పుడు వదుల్తారని అడిగింది. ఒకడికి మిల్లులో వేళ్ళు తెగి పదేళ్ళయింది, కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. ఒకావిడకి ఏమీ అక్కర్లేదు, ఎవరికో చెప్పుకోవాలి, అంతే. బెల్‌రోజ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరితో ఫ్రెంచిలో మాట్లాడి పంపిస్తున్నాడు, సెసీల్ ఆ మాటలు లొవీనాకి చెప్తోంది. సూపు చల్లారిపోయింది.

లొవీనా అలవాటు కొద్దీ మనసులో లెక్కపెట్టింది. నలభై ఒకటో మనిషి చంకలో పిల్లితో వచ్చాడు. ఆర్డ్‌వే ఊరు మొత్తం అంతే. అప్పటికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. మెట్ల మీద ఇంకా జనం ఉన్నారు. అక్కడితో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

తిరిగి కారెక్కేటప్పుడు, "బిల్లు గురించి మీరు ఒక్క మాటా అనలేదు," అంది.

"అంటే మీరు పట్టుబట్టి వ్యతిరేకంగా వేస్తారు. మీ కొండవాళ్ళ సంగతి నాకు తెలీదా?"

మే నెలలో ఓటు పెట్టారు. బిల్లుని అప్పటికి ఆమె నాలుగుసార్లు చదివింది. చివరిసారి గదిలో ఒక్కతీ బయటికి చదువుకుంది, తండ్రికి వినిపించినట్టు, అదే నిదానంతో. చదవడం పూర్తయ్యాక ఎదురు కుర్చీ వంక చూడకుండా దీపం ఆర్పింది.

సభలో పేర్లు పిలుస్తున్నారు. చిన్న ఊళ్ళ వాళ్ళు కొందరు వద్దన్నారు, కొందరు తలొంచుకుని అవునన్నారు. వాళ్ళలో ఒకాయన అవునని కూర్చుని రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "హాస్కిన్స్, ఆర్డ్‌వే" అని పిలిచారు. లొవీనా లేచి నిలబడి అవునంది. గొంతు మామూలుగానే ఉంది. పక్కనున్న సభ్యుడు ఆల్డెన్‌తో కూడా కూర్చున్నవాడు. ఆమె వైపు తల తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పుకున్నాడు. బిల్లు నెగ్గింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర దుంపల గిన్నె చుట్టూ తిరుగుతూ వచ్చింది. ఆమె ఎడమపక్క కూర్చున్న కొండ ఊరి సభ్యుడు దాన్ని ఆమెకి ఇవ్వకుండా టేబుల్ మీదుగా అవతలివాడికి అందించాడు. కావాలని చేసిందే. బెల్‌రోజ్ లేచి వెళ్ళి ఆ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"దుంపలు బర్లింగ్టన్‌వాళ్ళే పంచాలన్నమాట," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక దుంప తీసుకుంది. తినడం కష్టమయింది. సభ ముగియడానికి ఇంకా మూడు వారాలున్నాయి. కానీ ఆమెకి ఆ టేబుల్ ఆ సాయంత్రమే ముగిసిపోయింది.

ఊరికొచ్చాక తిట్టినవాళ్ళు లేరు. తిట్టడం ఆర్డ్‌వే పద్ధతి కాదు. దుకాణంలో మాట్లాడుకునేవాళ్ళు ఆమె రాగానే మాట వానాఎండల మీదికి మార్చేవారు. చర్చికి రెండు కుటుంబాలు రావడం మానేశాయి. ఉన్నవే ఆరు. జూన్ చివర్లో ఆరిన్ పెక్ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీ నాన్నుంటే ఏమనేవాడో."

"బిల్లులన్నీ చదివి వినిపించింది నేనే కదా ఆరిన్. ఏమనేవాడో నాకు తెలుసు."

"ఏమనేవాడు?"

"వద్దనేవాడు."

అతను గోడ మీద రాయి ఒకటి సరిచేశాడు. "మరెందుకు వేశావు?"

"అక్కడ మెట్ల మీద మనుషుల్ని చూశాను," అంది. ఇంకా చెబ్దామనుకుంది. అతను చూడనిదాన్ని ఎలా చెప్పాలో తెలియలేదు. అతనూ అడగలేదు. అక్టోబర్లో ఎప్పటిలాగే కట్టెలు తెచ్చి ఆమె కొట్టంలో పేర్చి వెళ్ళాడు. ఈసారి లోపలికొచ్చి కాఫీ మాత్రం తాగలేదు.

కొత్త ఏర్పాటు ప్రకారం నవంబర్లో ఎన్నికలు జరిగాయి. పదకొండు ఊళ్ళకి కలిపి దిగువ లోయ నుంచి ఒక యువకుడు గెలిచాడు. మంచుమీద జారే ఆటలవాళ్ళకి బస నడుపుతాడు. జనవరిలో సభ మొదలయ్యే రోజు లొవీనా తెల్లారకముందే బయల్దేరి మాంట్‌పీలియర్ చేరింది. పైన జనం కూర్చునే చోట మూల కుర్చీ దొరికింది. కింద అంతా కొత్త మొహాలు. ఆమె బెల్‌రోజ్ కోసం వరస వరసా వెతికింది. బర్లింగ్టన్‌కి ఇప్పుడు డజనుపైగా సీట్లొచ్చాయి. అందులో అతను లేడు.

తలుపు దగ్గరుండే ముసలి బంట్రోతు చెప్పాడు. "అర్మానా? ఓడిపోయాడమ్మా. సొంత వీధి కుర్రాడి చేతిలోనే. సీట్లెక్కువైతే నిలబడేవాళ్ళూ ఎక్కువే కదా."

ఆమె మిసెస్ ట్యూక్స్‌బరీ ఇంటి ముందు నుంచి నడిచింది. మధ్యాహ్నం భోజనాల వేళ, కిటికీ లోపల తలలు కనిపిస్తున్నాయి. తలుపు తట్టలేదు. బస్సుల స్టాండు దగ్గర కౌంటర్లో సూపు తాగి, రోడ్డు గడ్డకట్టకముందే ఇల్లు చేరింది.

ఆ వేసవిలో బెల్‌రోజ్ దంపతులు ఆమెని చూడ్డానికి వచ్చారు. ఆమె మూడు రోజులు ఇల్లు తుడిచింది. మూసి ఉంచిన భోజనాల గది తెరిచి బల్ల మీద గుడ్డ పరిచింది. బీన్స్, బ్రౌన్ బ్రెడ్, మేపుల్ పాకంతో డోనట్లు, పక్కన ఊరవేసిన దోసకాయలు. సెసీల్ కిటికీలోంచి కొండలు చూసి, "ఎంత నిశ్శబ్దంగా ఉందో. నాకైతే భయమేస్తుంది," అని నవ్వింది. బెల్‌రోజ్ సభలో పాత సంగతులు రెండు చెప్పాడు. ఆమె ఒకటి చెప్పింది. తర్వాత ముగ్గురూ డోనట్ల గురించి మాట్లాడారు. చెప్పుకోవడానికి బిల్లు లేదు, విసుక్కోవడానికి స్పీకరు లేడు. నాలుగయ్యేసరికి అతను గడియారం చూశాడు. చూసినందుకు ఇబ్బందిపడ్డాడు.

"మళ్ళీ వస్తాం, మిస్ హాస్కిన్స్."

"రండి. దారి తెలిసింది కదా."

రాలేదు. క్రిస్మస్‌కి కార్డులు వచ్చేవి, అయిదేళ్ళపాటు. డెబ్బై ఒకటి అక్టోబర్లో కార్డు రావాల్సిన కాలానికి ముందే సెసీల్ నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద అక్షరాలతో నాలుగు లైన్లు. అర్మాన్ షాపులోనే, చేతిలో దువ్వెన ఉండగానే పోయాడు. గురువారం ఉదయం పూజ.

లొవీనాకి అరవై ఏడేళ్ళు. ఆకులు రాలి తడిసి జారుతున్న రోడ్డు మీద రెండు గంటలు బండి నడుపుకుంటూ వెళ్ళింది. హాస్కిన్స్ వాళ్ళలో ఎవరైనా కేథలిక్ చర్చి గడప తొక్కిన సంగతి ఆమెకి తెలియదు. వెనక వరసలో కూర్చుంది. చర్చి నిండిపోయింది. ఆ మెట్ల మీది జనమంతా వచ్చారేమో, పిల్లి మనిషితో సహా. పాటలు ఫ్రెంచిలో. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరిల్లాలో తెలియక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. పక్కనున్న ఆవిడ ఎవరో, ఒక్క మాటా లేకుండా మోచేతి కింద చెయ్యి వేసి లేపింది. మళ్ళీ కూర్చోబెట్టింది. పూజ అయ్యేదాకా అలాగే చేసింది.

బయట మెట్ల మీద సెసీల్ చుట్టూ జనం. లొవీనా దగ్గరికి వెళ్ళేసరికి సెసీల్ ఆమె చేతులు పట్టుకుంది కానీ, వెనక నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరి మధ్యకి తోసుకొచ్చారు. పక్కనే బెల్‌రోజ్ కూతురు నిలబడి ఉంది.

"మీరు నాన్నకి ఏమవుతారండీ?"

"సభలో కలిసి పనిచేశాం," అంది లొవీనా.

"ఓ," అంది ఆ పిల్ల మర్యాదగా. "కింద హాల్లో భోజనాలున్నాయి. తిని వెళ్ళండి."

లొవీనా హాలు తలుపు దాకా వెళ్ళింది. పొడుగాటి బల్లలు, పళ్ళేల చప్పుడు, ఒకేసారి మాట్లాడుతున్న ఎనభైమంది. తలుపు దగ్గర కాసేపు నిలబడి విన్నది. ఎవరో కుర్చీ లాగి ఆమెకి చోటు చూపించారు. వెళ్ళి కూర్చుంది. దుంపల గిన్నె వచ్చింది. పక్కవాళ్ళు ఫ్రెంచిలో ఏదో అడిగారు. అర్థం కాకపోయినా ఆమె తల ఊపింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.